సన్‌సెట్ దాకా రాని నీళ్లు

శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లిన మనవాళ్లందరిలాగే నేనూ గోల్డెన్ గేట్ వంతెన చూశాను. కానీ నా మనసంతా ఆ ఊరి మంటలార్పే నీళ్ల ఏర్పాటు మీదే, అంటే ఫైరింజన్ గొట్టాలు తగిలించే వీధి కుళాయిలు (హైడ్రెంట్లు), వాటి పైపుల మీదే ఉంది. 1906 భూకంపం గురించి చదివినప్పటి నుంచీ దాన్ని దగ్గరగా చూడాలని కోరిక. ఊరికి పడమర సన్‌సెట్ అనే పేటలో అద్దెకుంటున్న మా పిన్ని కొడుకు, "హైడ్రెంట్లు చూడ్డానికి ఎవరైనా వస్తారా అక్కా!" అంటూనే ఆఫీసుకు సెలవు పెట్టి తోడొచ్చాడు.

ముందుగా మిషన్ పేటలోని డొలోరెస్ పార్కు. పార్కు పైమూలన, 20వ వీధి, చర్చ్ వీధి కలిసేచోట, బంగారు రంగు వేసిన పొట్టి హైడ్రెంట్ ఉంది. 1906 ఏప్రిల్ 18 తెల్లవారుజామున భూమి కంపించినప్పుడు ఊళ్లో నీటి పైపులు ఎక్కడికక్కడ విరిగిపోయాయి. చెరువులూ బురద నేలలూ పూడ్చి కట్టిన పేటల్లో మరీ ఎక్కువ. మంటలు లేచాయి, హైడ్రెంట్లు తిప్పితే నీళ్లు లేవు. మూడు రోజుల పాటు ఊరు తగలబడింది. 28 వేలకు పైగా భవనాలు పోయాయి. అలాంటి వేళ ఈ మూల హైడ్రెంట్‌లో మాత్రం నీళ్లు వచ్చాయి. అలసిపోయిన గుర్రాలు ఫైరింజన్లను ఆ ఎత్తు ఎక్కించలేకపోతే, ఇళ్లు పోగొట్టుకుని పార్కులో తలదాచుకున్న జనమే లాగారు. మిషన్ పేట చాలావరకు నిలబడింది. ఏటా ఏప్రిల్ 18న దీనికి కొత్తగా బంగారు రంగు వేస్తారు.

అక్కడ నిలబడితే నాకు డెనిస్ సల్లివన్ గుర్తొచ్చాడు. అప్పటి అగ్నిమాపక దళాధిపతి. మంటలార్పడానికి సముద్రపు నీటితో వేరే పైపులైను కావాలని ఏళ్ల తరబడి అడిగిన మనిషి. ఆ భూకంపంలోనే పక్క హోటల్ శిథిలాలు ఫైర్ స్టేషన్ మీద కూలి తీవ్రంగా గాయపడి, నాలుగు రోజులకు చనిపోయాడు. ఆయన అడిగింది ఆయన పోయాక వచ్చింది. 1908లో జనం 52 లక్షల డాలర్ల బాండ్లకు, అంటే ఊరు తీసుకునే అప్పుకు, ఓటేశారు. 1913కి ఆ వేరే పైపులైను పని పూర్తయింది.

ఊరి మధ్యనున్న ట్విన్ పీక్స్ కొండ మీద గాలికి నిలబడటమే కష్టమైంది. అందరూ ఊరివైపు చూస్తుంటే నేను ఆ కొండ మీది కాంక్రీట్ జలాశయం చూశాను. కోటీ 5 లక్షల గ్యాలన్లు, అంటే సుమారు 4 కోట్ల లీటర్లు. కొండ మీద ఉంది కాబట్టి కరెంటు పోయినా నీళ్లు వాటంతటవే బలంగా కిందికి దూకుతాయి. దాని కింద ఆష్‌బరీ, జోన్స్ వీధి ట్యాంకులు. ఇవి చాలకపోతే సముద్రపు నీటిని తోడే పంపింగ్ స్టేషన్లు రెండు. దిగివస్తూ కూడళ్లలో ఎర్రటి ఇటుకల వలయాలు చూశాం. వాటి అడుగున నీటి తొట్లు ఉన్నాయి. పైపులన్నీ విరిగినా ఫైరింజన్ నేరుగా అందులోంచి తోడుకోవచ్చు.

ఇంత చేసినా 1989 అక్టోబర్ 17 భూకంపంలో పైపులు పగిలి జోన్స్ వీధి ట్యాంకు ఖాళీ అయిపోయింది. అప్పుడు మరీనా పేటలో మంటలకు బే (ఊరి పక్కనున్న అఖాతం) నుంచి నీళ్లు తోడి ఇచ్చింది ఫీనిక్స్ అనే అగ్నిమాపక పడవ. ఇప్పుడు మరీనాలో నడుస్తుంటే ఆ ఆనవాళ్లేమీ కనిపించవు.

సాయంత్రం సన్‌సెట్ చేరాం. సముద్రం దాకా వరుసగా, గోడకు గోడ ఆనుకున్న చెక్క ఇళ్లు. ఒకటి అంటుకుంటే పక్కది ఆగుతుందా? తూర్పు పేటల్లో చూసిన, ఆ వేరే పైపులైనుకు చెందిన లావుపాటి హైడ్రెంట్లు ఇక్కడ కనబడలేదు. 1908లో పైపుల పటం గీసినప్పుడు ఇదంతా ఇసుక దిబ్బలు. తర్వాత ఇళ్లొచ్చాయి గానీ, ఎక్కువ ఒత్తిడి పైపులు చాలా భాగానికి రానేలేదు. 2019లో సివిల్ గ్రాండ్ జ్యూరీ (ఊరి ప్రభుత్వం పనితీరును పరిశీలించే పౌరుల బృందం) దీని మీద గట్టిగా హెచ్చరించింది.

డబ్బు లేక కాదు. 2010లో 41.23 కోట్లు, 2014లో 40 కోట్లు, 2020లో 62.85 కోట్ల డాలర్ల భూకంప భద్రతా బాండ్లకు జనం ఒప్పుకున్నారు. ప్రతిసారీ మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి, వచ్చాయి. కానీ ఆ సొమ్ము ఫైర్ స్టేషన్లకూ పోలీసు భవనాలకూ కూడా పంచాలి. 2020 బాండ్లలో ఈ నీళ్ల పనికి దక్కింది 15.35 కోట్లు. పడమటి పేటల పైపులైనుకు డబ్బు దానిలోంచే రావాలి. నాకు ఇది అన్యాయంగా తోచింది. అప్పు తీర్చేది ఆస్తి పన్నుతో, ఆ పన్ను సన్‌సెట్‌వాళ్లూ అందరిలాగే కడుతున్నారు.

మా తమ్ముడుండేది అద్దె నియంత్రణ ఉన్న పాత ఇల్లు. అలాంటి ఇళ్లలో బాండ్ల వల్ల పెరిగిన పన్నులో సగం యజమాని అద్దెకు కలపొచ్చు. వీసా మీద ఉన్నాడు కాబట్టి వాడికి ఓటు లేదు.

"నా వాటా కట్టడానికి నాకేం బాధ లేదక్కా. ఆ పెద్ద పైపు మా వీధికి ఎప్పుడొస్తుందో చెప్పమను" అన్నాడు.

న్యాయమైన మాటే. తర్వాతి బాండ్ల డబ్బులో మొదటి వాటా ఈ వీధులకే ఇవ్వాలి.