మనిషికి 24 సెకన్లు

మా స్టాటిస్టిక్స్ క్లాసులో 300 మందిమి. మేడమ్ గది తలుపు మీద అతికించిన కాగితంలో ఆఫీస్ అవర్స్, అంటే విద్యార్థులు వెళ్లి సందేహాలు అడగడానికి కేటాయించిన సమయం, వారానికి రెండు గంటలు అని ఉండేది. చివరి వరసలో కూర్చుని మొదటి వారంలోనే లెక్క వేశాను, రెండు గంటలంటే 7,200 సెకన్లు, 300 మందికి పంచితే మనిషికి 24. తలుపు కొట్టి, పేరు చెప్పి, కుర్చీ లాక్కునేసరికే అయిపోతాయి, ఇంక వెళ్లడం దేనికి అని తేల్చేసుకున్నాను. ఆ కోర్సులో నేను తప్పు లేకుండా చేసిన మొదటి లెక్క అదే, దాంతో చేసుకున్న నష్టం కూడా పెద్దదే.

పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీలో చేరేముందు అందరికీ చెప్పేదే నాకూ చెప్పారు: అక్కడ నువ్వొక నంబరువి, ప్రొఫెసర్లు నీ మొహం కూడా చూడరు. నేను దాన్ని నమ్మేసి వెళ్లాను. నమ్మడంలో ఒక సుఖం ఉంది మరి, ఎవర్నీ అడగక్కర్లేదు.

మిడ్‌టర్మ్‌లో 100కి 41 వచ్చాయి. ట్యుటోరియల్ చెప్పే టీచింగ్ అసిస్టెంట్ దగ్గరికి పరిగెత్తాను. అప్పుడప్పుడే పీహెచ్‌డీ మొదలుపెట్టినవాడు, మా బాధలు మర్చిపోయేంత దూరం ఇంకా వెళ్లలేదు కాబట్టి ఓపిగ్గా విన్నాడు, విని, "మేడమ్‌నే అడగొచ్చుగా, ఆ టైములో ఆవిడ గదికి ఎవరూ రారు" అన్నాడు. 300 మంది ఉన్న క్లాసుకి ఎవరూ రాకపోవడమేంటి అనుకున్నాను. వెళ్లి చూస్తే నిజమే. తలుపు బార్లా తెరిచి ఉంది, లోపల ఆవిడ ఒక్కరే. నేను మూడుసార్లు ఆ తలుపు ముందునుంచి నడిచాను, ఎదురుగా ఉన్న నోటీసు బోర్డు మీద గడువు దాటిపోయిన ఏదో సెమినార్ ప్రకటన మొత్తం చదివాను, అంతలో ఆవిడ నీళ్ల సీసాతో బయటికొచ్చి "నా కోసమా?" అంటే "కాదు మేడమ్" అని చెప్పి మెట్లు దిగి వెళ్లిపోయాను! ఈ సంచికలో నా ఫొటో వేసేట్టయితే దానికింద ఇది రాయమని సంపాదకులకు మనవి.

తర్వాతి వారం వెళ్లాను. "కండిషనల్ ప్రాబబిలిటీ అర్థం కాలేదు" అన్నాను. "ఎక్కడ అర్థం కాలేదు?" "అంతా." ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. ఒక కాగితం నా వైపు జరిపి ఒక ప్రశ్న చెప్పారు: వెయ్యిమందిలో ఒకరికి ఉండే జబ్బు, దానికో పరీక్ష, జబ్బు ఉంటే తప్పకుండా పట్టుకుంటుంది, లేనివాళ్లలో మాత్రం నూటికి ఐదుగురికి పొరపాటున ఉందని చూపిస్తుంది. నీకు ఉందని వచ్చింది, నిజంగా ఉండే అవకాశం ఎంత? నేను ధైర్యంగా 95 శాతం అన్నాను. అప్పుడు మాత్రం ఆవిడ మొహం వెలిగింది. 1978లో అమెరికాలో హార్వర్డ్ ఆస్పత్రుల్లో 60 మందిని, డాక్టర్లు, వైద్య విద్యార్థులు అందర్నీ కలిపి, ఇంచుమించు ఇదే అడిగితే 11 మందే సరైన జవాబు చెప్పారట, ఎక్కువమంది చెప్పిన తప్పు నాదే. వెయ్యిమందిలో జబ్బున్నవాడు ఒకడు, లేని 999 మందిలో ఇంచుమించు 50 మందికి ఉత్తుత్తి పాజిటివ్, మొత్తం 51 మందిలో నిజం ఒక్కడు, అంటే దాదాపు 2 శాతం. నాలుగు నిమిషాల్లో అర్థమైంది. మూడు వారాల లెక్చర్లలో కానిది.

పోతుంటే ఆవిడ, "ఈసారి ఉత్త చేతుల్తో రాకు, తప్పుగానైనా చేసి తీసుకురా" అన్నారు. ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలకి నేనూ ఇదే చెప్తాను. 'అర్థం కాలేదు' అని వచ్చినవాడికి ఎంత మంచి మాస్టారైనా ఏం చెప్పగలడు, ఎక్కడినుంచి మొదలుపెట్టాలో ఇద్దరికీ తెలీదు. తప్పు చేసిన కాగితం ఉంటే తప్పు ఎక్కడ మొదలైందో అక్కడ వేలు పెట్టొచ్చు.

ఆవిడ బల్ల మీద కాగితాల గుట్ట ఉండేది. నా కాగితం అందులో కలిసిపోతుందేమోనని ఒకరోజు జంకితే, బర్క్‌లీ కథ చెప్పారు. అమెరికాలో అదీ ప్రభుత్వ యూనివర్సిటీయే. 1939లో జార్జ్ డాంట్జిగ్ అనే విద్యార్థి జెర్జీ నేమన్ అనే స్టాటిస్టిక్స్ ప్రొఫెసర్ క్లాసుకి ఆలస్యంగా వచ్చి, బోర్డు మీద ఉన్న రెండు లెక్కలు హోంవర్క్ అనుకుని రాసుకున్నాడు, చేయడానికి కొంచెం ఎక్కువ రోజులు పట్టిందని క్షమాపణ చెప్పి మరీ తెచ్చిస్తే నేమన్ బల్ల మీద పడేయమన్నాడు. ఆ గుట్టలో పోతుందని అతనికీ భయమే. ఆరు వారాల తర్వాత ఒక ఆదివారం పొద్దున్నే నేమన్ డాంట్జిగ్ ఇంటికొచ్చి తలుపు బాదాడు, అవి అప్పటిదాకా ఎవరూ సాధించని సమస్యలట. "నీ కాగితానికి ఆ ప్రమాదం లేదులే" అన్నారు మేడమ్.

అందరూ ఇలాగే ఉన్నారని చెప్తే అబద్ధమవుతుంది. ఇంకో సబ్జెక్టు ప్రొఫెసర్ గదికి వెళ్తే ఆయన కంప్యూటర్ మీంచి కళ్లు తిప్పకుండానే నాలుగు ముక్కలు చెప్పి పంపేశారు, మళ్లీ వెళ్లలేదు. అప్పట్లో గర్వం అనుకున్నాను. వాళ్ల ప్రమోషన్ చాలావరకు రీసెర్చ్ పేపర్ల మీద, పరిశోధనకి తెచ్చిన గ్రాంట్ల మీద నడుస్తుందని, ఎదురుగా కుర్చీలో ఎంతమంది కూర్చుని వెళ్లారో ఎవరూ లెక్కపెట్టరని తర్వాత తెలిసింది. తెలిసినా ఆయన మీద కోపం పూర్తిగా పోలేదు, అది వేరే సంగతి.

ఈ వ్యాసం రాయమన్నప్పుడు మా బ్యాచ్ గ్రూపులో అడిగాను, మీలో ఎంతమంది ప్రొఫెసర్ గదికి వెళ్లారని. ఎక్కువమంది మార్కుల కోసమో, చివర్లో రికమండేషన్ లెటర్ కోసమో ఒకసారి వెళ్లినవాళ్లే. 300 మందిలో మొహం తెలియని ఒకడికి ఆవిడ మాత్రం ఏం రాస్తారు, ఫలానా గ్రేడు వచ్చిందని తప్ప? 2014లో గాలప్ అనే సర్వే సంస్థ, పర్డ్యూ యూనివర్సిటీ కలిసి అమెరికాలో 30,000 మందికి పైగా పట్టభద్రులను అడిగితే, ప్రొఫెసర్లు తమను మనుషులుగా పట్టించుకున్నారని గట్టిగా చెప్పినవాళ్లు 27 శాతమే. మా గ్రూపులో ఆ మాత్రం కూడా ఉన్నట్టు లేరు. కానీ ఆ సర్వే వాళ్లు, మీరెన్నిసార్లు తలుపు దాకా వెళ్లి వెనక్కొచ్చారని కూడా అడిగి ఉంటే బాగుండేది.

మొన్న మా పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి మేడమ్ వచ్చారు. రిటైరై చాలాకాలమైందట. నా పేరు చెప్పాను, గుర్తు రాలేదు. బ్యాచ్ చెప్పాను, ఊహూ. "మేడమ్, జబ్బు లెక్కకి 95 శాతం అన్నాను, నేనే" అన్నాను ఆశగా. ఆవిడ కళ్లజోడు సర్దుకుని నన్ను బాగా చూసి, "ఆ మాట అనని వాళ్లుంటే గుర్తుండేవాళ్లయ్యా" అన్నారు.