మెట్లు దిగొద్దన్నా
"టేపు చుట్టేయండి సార్ చాలు, రేపు మళ్లీ గ్రౌండ్‌కి పోవాల" అన్నాడు, మోకాలి నొప్పితో మా ఫిజియోథెరపీ క్లినిక్‌కి వచ్చిన కుర్రాడు. మోకాలి చిప్ప పక్కన నొక్కగానే మొహం చిట్లించాడు.

కానిస్టేబుల్ సెలక్షన్‌లో 1600 మీటర్లు 8 నిమిషాల్లో కొట్టాలి. దానికోసం అలిపిరి మెట్లెక్కి, పరుగెత్తుకుంటూ దిగుతున్నాడట! ఎక్కడం కన్నా దిగడమే మోకాలికి పరీక్ష. దిగేటప్పుడు తొడ కండరం ఒకపక్క సాగుతూనే ఒళ్లు బరువును ఆపాలి. అది అలిసిపోతే దెబ్బ చిప్ప మీదే.

పూర్తిగా మానెయ్యమనడం సులువు. ఎంత పరుగెత్తొచ్చో చెప్పడమే మా పనిలో కష్టం. చదును నేల మీద, నొప్పి పెరగనంతవరకే అన్నా. తొడకీ పిరుదులకీ వ్యాయామాలు నేర్పించా. ఇంజెక్షన్ లేదా అన్నట్టు చూశాడు, అందరూ అంతే.

కొండ దిగడం బస్సులోనే అన్నా.

"ఆ మాట చీటీలో రాయండి సార్, లేకుంటే మా నాయన బస్సు చార్జీ ఇయ్యడు!"