7075 ఫోర్జింగ్ క్లాంపు వదలగానే ఎందుకు వంగుతుంది: క్వెంచింగ్ నుంచి మిల్లింగ్ దాకా నా అనుభవం

80 మిల్లీమీటర్ల మందమున్న, ఫోర్జ్ చేసిన 7075 (జింక్ కలిసిన అల్యూమినియం మిశ్రమం) దిమ్మెలో ఒక వైపు నుంచి లోతుగా పాకెట్లు తీసి క్లాంపులు వదిలితే అది విల్లులా లేస్తుంది. నేనూ మొదట టూల్‌నూ ఫిక్చర్‌నూ అనుమానించాను. కారణం అక్కడ లేదు, వేడి ముక్కను ఒక్కసారిగా చల్లార్చే క్వెంచ్ ట్యాంకులో గడిచిన మొదటి కొన్ని సెకన్లలో ఉంది.

ఫర్నేస్‌లో 475 డిగ్రీల దగ్గర ఉంచిన ముక్కను నీళ్లలో ముంచగానే పైపొర చల్లబడి ముడుచుకోబోతుంది, వేడిగా ఉన్న లోపలి లోహం దాన్ని ఆపుతుంది. అల్యూమినియం డిగ్రీకి మీటరుకు దాదాపు 23 మైక్రోమీటర్లు వ్యాకోచిస్తుంది. అంటే పైకీ లోపలికీ 100 డిగ్రీల తేడా ఉండి, ముడుచుకోవడాన్ని పూర్తిగా అడ్డుకుంటే 160 మెగాపాస్కల్‌ల ఒత్తిడి పుడుతుంది. వేడి మీద, అప్పుడే క్వెంచ్ అయిన స్థితిలో ఈ మిశ్రమం మెత్తన, కాబట్టి లొంగి శాశ్వతంగా సాగిపోతుంది. తర్వాత లోపలి భాగం చల్లబడి ముడుచుకునేసరికి పైపొర గట్టిపడి ఉంటుంది. చివరికి పైన సంపీడనం, లోపల తన్యత మిగులుతాయి. ఆ రెండూ ఒకదాన్నొకటి పట్టి ఉంచుతున్నంతవరకు ముక్క తిన్నగానే కనిపిస్తుంది, ఒక వైపు లోహం తీసేస్తే ఆ తూకం చెడి వంగుతుంది.

టీ6 ఏజింగ్‌లో, అంటే క్వెంచ్ తర్వాత తక్కువ వేడిలో చాలాసేపు ఉంచి బలం పెంచేటప్పుడు, ఈ మిగిలిన ఒత్తిడి పోతుందని చాలామంది నమ్ముతారు. పోదు. 120 డిగ్రీల్లో 24 గంటలు ఉంచినా తగ్గేది కొంచెమే. వేడితో పూర్తిగా తీయాలంటే ఎనీలింగ్ (లోహాన్ని మెత్తబరిచే) ఉష్ణోగ్రతకు వెళ్లాలి, అప్పుడు బలం కూడా పోతుంది.

అందుకే నేను క్వెంచింగ్‌కు ముందే మొదలుపెడతాను. దిమ్మెను రఫ్ మిల్లింగ్ చేసి, అన్ని వైపులా 3 మిల్లీమీటర్ల దాకా వదిలి, ఫర్నేస్‌లో పెడతాను. మందం తగ్గితే పైకీ లోపలికీ తేడా తగ్గుతుంది. సన్నని గోడ పక్కనే లావు దిమ్మ ఉండే ఆకారం మాత్రం క్వెంచ్‌లోనే మెలితిరుగుతుంది, దాన్ని అలా రఫ్ చేయకపోవడమే మేలు.

నీళ్ల ఉష్ణోగ్రత దగ్గర రాజీ తప్పదు. చల్లటి నీళ్లు పూర్తి బలం ఇస్తాయి, ఒత్తిడీ ఎక్కువే మిగులుస్తాయి. ఫోర్జింగులకు 60 నుంచి 70 డిగ్రీల నీళ్లు వాడితే ఒత్తిడి బాగా తగ్గుతుంది. అయితే 400 నుంచి 290 డిగ్రీల మధ్య నెమ్మదిస్తే జింక్, మెగ్నీషియం లోహపు రేణువుల (గ్రెయిన్‌ల) సరిహద్దుల్లో విడివడిపోతాయి. బలమూ తుప్పు నిరోధకతా రెండూ దెబ్బతింటాయి. మందమైన 7075లో ఈ ప్రమాదం నిజమైనది. పాలీఆల్కిలీన్ గ్లైకాల్ అనే పాలిమర్‌ను నీళ్లలో కలిపిన ద్రావణం మధ్యేమార్గం: వేడి లోహం దగ్గర, సుమారు 74 డిగ్రీలు దాటాక, పాలిమర్ నీటి నుంచి విడిపోయి ముక్క చుట్టూ సమానమైన పొర కడుతుంది, చల్లబడ్డాక మళ్లీ కరిగిపోతుంది. ముక్కలతో పాటు కొంత పాలిమర్ బయటికి పోతూనే ఉంటుంది కనుక రిఫ్రాక్టోమీటర్‌తో (కాంతి వంపును బట్టి కొలిచే పరికరం) గాఢత చూడడం మానకూడదు.

ఫర్నేస్ తలుపు తెరిచాక 15 సెకన్లలోపే ముక్క పూర్తిగా మునగాలి. పలకలాంటిదాన్ని ఎప్పుడూ అంచు మీద నిలువుగా దించుతాను. పడుకోబెట్టి దించితే ఆవిరి అడుగున చిక్కుకుంటుంది, ఆ వైపు ఆలస్యంగా చల్లబడుతుంది, వంపు ఖాయం. బాస్కెట్‌లో ముక్కలు ఒకదానికొకటి ఆనుకున్నా ఇదే జరుగుతుంది.

అసలు పని చేసేది ఆ తర్వాతి మెట్టు. క్వెంచ్ అయిన ఒకటి రెండు గంటల్లో, ఏజింగ్‌కు ముందే, ప్రెస్‌లో మందం దిశలో 2 నుంచి 3 శాతం నొక్కాలి. టీ652 అనే స్థితి అంటే ఇదే. ప్లేటును ఇదే స్థితిలో 1.5 నుంచి 3 శాతం సాగదీస్తే టీ651. ముక్క అంతా ఒకే తీరుగా లొంగితే పాత తేడాలు చాలావరకు చెరిగిపోతాయి. ప్రెస్ ఆలస్యమయ్యేలా ఉంటే ముక్కను మైనస్ 18 డిగ్రీల కంటే తక్కువలో ఉంచాలి, లేకపోతే గది వేడిలోనే గట్టిపడిపోతుంది. పొడవైన ముక్కను భాగాలుగా నొక్కేటప్పుడు ఒక నొక్కు మీదికి మరొకటి కొంత ఎక్కాలి. నొక్కుల మధ్య ఖాళీ వదిలిన చోట ఒత్తిడి అలాగే మిగిలిపోతుంది. లూబ్రికెంట్ చాలకపోతే డైకి (ప్రెస్‌లో ముక్కను నొక్కే అచ్చు) ఆనుకున్న పొర కదలదు.

ఏజింగ్ తర్వాత కాఠిన్యంతో పాటు విద్యుత్ వాహకత కూడా కొలుస్తాను. కాఠిన్యం తగ్గి వాహకత పెరిగితే క్వెంచ్ నెమ్మదించి ఉండవచ్చని అర్థం. రంధ్రం తొలిచే పద్ధతిలో కొలిచిన ఒత్తిడిని మాత్రం జాగ్రత్తగా చదవాలి. అది పై మిల్లీమీటరు మేరకే చెబుతుంది, లోపలి తన్యత అందులో కనిపించదు.

ఫైనల్ మిల్లింగ్‌లో రెండు వైపులా మార్చి మార్చి సమంగా తీస్తాను. ఆఖరి అర మిల్లీమీటరుకు ముందు క్లాంపులన్నీ వదిలి ముక్కను దాని ఇష్టానికి కదలనిస్తాను. ఎక్కడ లేచిందో అక్కడ షిమ్ (పలుచటి రేకు) పెట్టి, లాగి బిగించకుండా, అదే స్థితిలో పట్టి చివరి కోత వేస్తాను.