పదకొండింటి తత్కాల్

"అన్నా, ఓటీపీ వచ్చిందా?" పక్క సీట్లోంచి గుసగుస. టైము సరిగ్గా పదకొండు. రోజూ టీమంతా కలిసే స్టాండప్ మీటింగ్ ఎందుకో తొందరగా అయిపోయింది. ఎందుకో ఏముందిలెండి, మా టీమ్ లీడ్‌ది కూడా రాజమండ్రే.

స్లీపర్ తత్కాల్ తెరిచేది పదకొండింటికి, ఏసీ అయితే పదింటికి. రెండూ ఆఫీసు టైమే. పైగా 2025 జులై నుంచి ఆధార్ ఓటీపీ ఒకటి. పండగ ముందు గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు కావాలంటే లంచ్ దాకా ఆగితే దొరుకుతుందా? ఇక ప్రైవేటు బస్సే దిక్కు, వాళ్లు చెప్పిన రేటుకి. లీడ్‌కి కన్ఫర్మ్, పక్క సీటు తమ్ముడికి వెయిటింగ్ లిస్టు. పాపం.

ఇంతలో హెచ్ఆర్ మెయిల్: ఆఫీసు నెట్ సొంత పనులకి వాడొద్దట.

టైంపాస్‌గాళ్లు లేరనను. రోజంతా రీల్స్ చూసే మహానుభావులు మా ఫ్లోర్‌లోనే ఉన్నారు. కానీ బ్యాంకు తెరిచుండేదీ, పిల్లల స్కూలువాళ్లు ఫోనెత్తేదీ మనం సీట్లో ఉన్నప్పుడే కదా. ఆ పనులన్నీ ఏ అర్ధరాత్రి చేసుకోవాలి?

రాత్రి తొమ్మిదింటికి మా ఇంటి వైఫై మీద క్లయింట్ కాల్ మాట్లాడితే మాత్రం ఏ మెయిలూ రాదు.