సెలవు చీటీలో రాయని జబ్బు

మా బాపు భూపాలపల్లిలో బొగ్గుబాయి పనికి వెళ్లిన రోజుల్లో మా ఇంట్లో ఎక్కువగా వినిపించిన మాటలు రెండు: మస్టరు అంటే హాజరు, నాగా అంటే గైర్హాజరు. భూగర్భంలో పనిచేసేవారికి ఏడాదికి 190 హాజర్లు నిండితేనే జీతంతో కూడిన సెలవు వస్తుందని అప్పటి గనుల చట్టం చెప్పేది కనుక, ఇంట్లో ప్రతి మస్టరుకూ లెక్క ఉండేది. నాగాలు పెట్టే మనిషికి తాగుబోతనో సోమరిపోతనో పేరు పడేదే తప్ప, అతనికి రాత్రిళ్లు నిద్ర పడుతోందా అని మా వాడలో ఎవరూ అడగగా నేను వినలేదు.

ఆ లెక్క ప్రకారం చూస్తే నేను ఆదర్శ ఉద్యోగిని. హన్మకొండలోని ఒక బ్యాంకు శాఖలో క్యాష్ కౌంటర్ చూస్తున్న నేను, మూడేళ్ల కిందట వానాకాలం పంట రుణాల రద్దీలో ఒక్క నాగా కూడా పెట్టలేదు. అయితే లెక్కపెట్టిన కట్టనే మళ్లీ లెక్కపెట్టేవాణ్ని, రైతు పేరు అడిగి రెండు క్షణాల్లో మరిచిపోయి మళ్లీ అడిగేవాణ్ని; రెండుసార్లు క్యాష్ తక్కువ వస్తే జేబులోంచి కట్టాను. అప్పటి మేనేజర్ గారు ధ్యాస పెట్టమన్నారు. లేనిదే అది. చివరికి పదకొండు రోజులు సెలవు పెట్టి, చీటీలో కారణం వెన్నునొప్పి అని రాశాను.

నాది కుంగుబాటు అని మానసిక వైద్యుడు చెప్పాకే, ఫిన్లాండ్‌లో 1980లలో వృత్తి ఆరోగ్య సంస్థ పరిశోధకులు రూపొందించిన పని సామర్థ్య సూచిక గురించి చదివాను. అందులో 7 అంశాలు ఉంటాయి. మొత్తం 7 నుంచి 49 వరకు వస్తుంది, 27 దాటకపోతే సామర్థ్యం బలహీనమని అర్థం. జీవితంలో మీరు అత్యుత్తమంగా పనిచేసిన కాలానికి 10 ఇస్తే ఇప్పటి మీకు ఎంత ఇస్తారన్నది మొదటి ప్రశ్న. పనిలోని శారీరక భారానికి, మానసిక భారానికి మీరు ఎంతవరకు తట్టుకుంటున్నారో వేరువేరుగా అడుగుతుంది. రోజువారీ పనుల్లో సంతోషం, చురుకుదనం, రేపటి మీద ఆశ ఉన్నాయా అన్నది చివరి అంశం. ఆ వానాకాలాన్ని తలచుకుని నింపితే నాకు 24 వచ్చింది.

కుంగుబాటు అంటే దిగులు మాత్రమే అనుకునేవాణ్ని. అది ఏకాగ్రతను, జ్ఞాపకాన్ని, నిర్ణయం తీసుకునే శక్తిని కూడా దెబ్బతీస్తుంది. తప్పు జరిగితే భయం, భయంతో నిద్రలేమి, నిద్రలేమితో మరో తప్పు. ఇందులో ఏది ముందు ఏది వెనుక అని నేను ఇప్పటికీ విడదీయలేను. కుంగుబాటు, ఆందోళనల వల్ల ప్రపంచంలో ఏటా 1,200 కోట్ల పనిదినాలు పోతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కౌంటర్‌లో కూర్చుని కూడా పని చేయలేకపోయిన నా రోజుల వంటివి గైర్హాజరు రోజుల లెక్కలో ఎలా పడతాయి?

పని ఒత్తిడి తగ్గించేందుకని మా శాఖలో ఒక శనివారం యోగా తరగతి పెట్టించారు. యోగా మీద నాకు కోపం లేదు గాని, ఖాళీగా ఉన్న రెండు కుర్చీలు ఆ మరుసటి సోమవారమూ ఖాళీగానే ఉన్నాయి, ఆ పని మా అందరి మీదే పడింది. నాకు ఉపయోగపడినవి మందులు, ఆ తరువాత వచ్చిన మేనేజర్ గారు ఆరు వారాల పాటు నన్ను క్యాష్ నుంచి తప్పించి పత్రాల పరిశీలనకు మార్చడం. మందుల గుణం కనిపించడానికి కొన్ని వారాలు పట్టింది. ముందు నిద్ర వచ్చింది, లెక్క మీద నమ్మకం చాలా ఆలస్యంగా వచ్చింది. వైద్యుడి దగ్గరికి వెళ్లడానికి నాలాగే జంకేవారు టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ఈ ప్రభుత్వ సేవకు రుసుము లేదు.

మొన్న మళ్లీ నాలుగు రోజులు నిద్ర తప్పితే సెలవు పెట్టాను. ఈసారి చీటీలో ఉన్నదున్నట్లు రాశాను. మేనేజర్ గారు చదివి, ఏమీ అనకుండా సంతకం చేశారు. పాత రికార్డులో మాత్రం నాకు ఇప్పటికీ వెన్నునొప్పే.