పెద్ద జాబితాలోంచి కూకట్‌పల్లి లైన్లు విడదీశాను

నల్లకుంటలో మిత్రులు నడిపే ఒక చిన్న మాసపత్రికకు చందాదారుల జాబితా నేనే చూస్తాను. అంతా ఒకే టెక్స్ట్ ఫైలు. ఒక్కో చందాదారుకి ఒక్కో లైను: చందా నంబరు, పేరు, చిరునామా, పిన్, ఫోను. ఈసారి కూకట్‌పల్లి ప్రతులు పోస్టులో వెయ్యొద్దని, తనే ఇంటింటికీ ఇస్తానని అక్కడ ఉండే మిత్రుడొకరు అన్నారు. అంటే ఆ లైన్లన్నీ జాబితాలోంచి తీసి వేరే ఫైల్లో పెట్టాలి. కాపీ చేస్తే చాలదు. పాతచోట మిగిలిపోతే అదే ఇంటికి పత్రిక రెండుసార్లు వెళ్తుంది, మా పత్రికకు ఆ తపాలా ఖర్చు కూడా భారమే. పైగా చందా నంబర్ల వరస చెదరకూడదు.

ఎక్సెల్‌లో ఫిల్టర్ పెట్టమన్నారు కొందరు. చిరునామాల్లో కామాలు ఒక్కో లైనులో ఒక్కో తీరుగా ఉన్నాయి, కాలమ్స్ కుదరవు. అందుకే టెక్స్ట్ ఫైళ్లు దిద్దే నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనే ప్రోగ్రాం తెరిచాను. ఫైండ్ విండోలో మార్క్ అనే ట్యాబ్ ఉంది. అక్కడ ‘బుక్‌మార్క్ లైన్’ టిక్ చేసి, కూకట్‌పల్లి పిన్ 500072 ఇచ్చి ‘మార్క్ ఆల్’ నొక్కితే ఆ అంకెలున్న ప్రతి లైను పక్కనా గుర్తు పడుతుంది. సెర్చ్ మెనూలో బుక్‌మార్క్ కింద ‘కట్ బుక్‌మార్క్డ్ లైన్స్’ నొక్కితే గుర్తున్నవన్నీ ఒకేసారి లేచి వస్తాయి, కొత్త ఫైల్లో పేస్ట్ చేసుకోవచ్చు.

కానీ వెంటనే కట్ చెయ్యలేదు. మనవాళ్లు పిన్ రాసే తీరు ఒకటా? 500 072 అని మధ్యలో ఖాళీ వదిలేవారున్నారు. పాత అలవాటుగా ‘హైదరాబాద్-72’ అని ఆపేసేవారున్నారు. కొందరు పిన్నే రాయరు, ఊరి పేరు రాస్తారు. వీటన్నిటికీ విడివిడిగా వెతికి, ప్రతిసారీ మార్క్ ఆల్ నొక్కాను. ‘పర్జ్ ఫర్ ఈచ్ సెర్చ్’ టిక్ తీసేసి ఉంచితే పాత గుర్తులు పోవు, కొత్తవి వాటికి తోడవుతాయి. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చింది ఇదే. వెతకడం ఎన్నిసార్లయినా, కట్ ఒక్కసారే. కాబట్టి వరస చెక్కుచెదరదు. వెతికినప్పుడల్లా కట్ చేస్తూ పోతే చందా నంబర్లు కలగాపులగం అయ్యేవి.

అన్నిటికన్నా చిక్కు పెట్టింది ఊరి పేరే. ‘కూకట్‌పల్లి’లో పొల్లు విడిగా కనబడాలంటే ట, ప మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనిపించని అక్షరం ఉండాలి. అది లేకపోతే ప వచ్చి ట కింద ఒత్తుగా చేరుతుంది. ఇంకొందరు అక్కడ స్పేస్ కొడతారు. మనం చదివితే మూడూ ఒకే ఊరు, నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌కు మూడు వేరు మాటలు. అచ్చంగా అవే అక్షరాలు కాక ఒక నమూనా ఇచ్చి వెతకనిచ్చే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ మోడ్ పెట్టి, పొల్లు తర్వాత చుక్క, ప్రశ్నార్థకం (.?) చేర్చి వెతికాను. అక్కడ ఏదో ఒక అక్షరం ఉన్నా సరే, లేకున్నా సరే అని దానర్థం. మూడు రకాలూ దొరికాయి. తెలుగు ఫైళ్లతో పనిచేసేవాళ్లు ఈ ఒక్కటి తప్పకుండా గుర్తుపెట్టుకోండి.

తర్వాత ఎఫ్2 కొడుతూ గుర్తున్న లైన్లన్నీ చదివాను. ‘కూకట్‌పల్లి వై జంక్షన్ దగ్గర, మూసాపేట, 500018’ లాంటివి కూడా చేరాయి. ఫోను నంబరు మధ్యలో 500072 పడిన లైనూ చిక్కింది. అలాంటి చోట కంట్రోల్ ఎఫ్2 కొడితే గుర్తు పోతుంది. అప్పుడు కట్ చేశాను. రెండు ఫైళ్ల లైన్లు కూడితే పాత మొత్తం సరిగ్గా వచ్చింది. మిగిలిన జాబితాలో ‘కూక’ అని వెతికితే మూసాపేట చిరునామాలే కనబడ్డాయి.

విమ్ అనే మరో టెక్స్ట్ ఎడిటర్ వాడేవాళ్లకు ఇదంతా, దొరికిన ప్రతి లైను మీదా ఒకే పని చేసే గ్లోబల్ కమాండ్‌తో అవుతుంది. అయితే దొరికిన లైన్లను ఫైలు చివరికి జరిపితేనే వరస నిలుస్తుంది. మొదటికి జరిపితే ప్రతి లైనూ అంతకుముందు దాని పైకి చేరి తలకిందులవుతుంది.

ఫైలు అందుకున్న మిత్రుడు మియాపూర్‌వి కూడా పంపమన్నారు. అక్కడి పిన్ 500049. ఆ ఊరి పేరు మధ్యలో పొల్లు లేదు కాబట్టి జాయినర్ గొడవ ఉండదు, ‘పూ’ దీర్ఘం ఎవరు వదిలేశారో చూసుకుంటే చాలు.