వంకర లాంతరును వంకరగానే ఉండనివ్వాలి

బ్రిటన్‌లో పొద్దు తొందరగా కుంగే రోజులొస్తే ఊళ్లలో లాంతర్ల ఊరేగింపులు మొదలవుతాయి. విల్లో అనే చెట్టు సన్నని పుల్లలతో చట్రం కట్టి, తెల్ల టిష్యూ కాగితం అంటించి, లోపల దీపం పెడతారు. వెల్ఫేర్ స్టేట్ ఇంటర్నేషనల్ అనే నాటక బృందం వాయవ్య ఇంగ్లండ్‌లో, కంబ్రియాలోని అల్వర్‌స్టన్‌లో 1983లో మొదలుపెట్టిన ఊరేగింపు వీటికి బాగా పేరు తెచ్చింది. అంతకు ముందే, 1978లో, దక్షిణ తీరంలోని లైమ్ రీజిస్ ఊళ్లో నాటక రచయిత్రి ఆన్ జెలికో ఊరి జనాన్నే నటులుగా పెట్టి పెద్ద నాటకం చేయించింది. ఇక్కడ కమ్యూనిటీ థియేటర్ అంటే ఇదే తీరు: కథ ఊరిది, చేతులు ఊరివి, నడిపించడానికి మాత్రం ఫీజు తీసుకునే కళాకారులు నలుగురైదుగురు ఉంటారు.

ఈ పనిలోకి రావాలనుకునే మనవాళ్లు ముందు చూసుకోవాల్సింది వీసా. డబ్బులు ఎక్కువగా ఫ్రీలాన్స్ ఇన్‌వాయిస్ మీదే వస్తాయి. స్టూడెంట్ వీసాలో స్వయం ఉపాధికి అనుమతి లేదు. చదువు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు చేసుకోవచ్చు కదా అని ఇన్‌వాయిస్ పెడితే నిబంధన మీరినట్టే. స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉద్యోగానికి వచ్చినవాళ్ల డిపెండెంట్లకు, అంటే వెంట వచ్చిన కుటుంబసభ్యులకు, ఆ అడ్డు లేదు. పిల్లలతో పని కాబట్టి డీబీఎస్ తనిఖీ, అంటే నేరచరిత్ర తనిఖీ, ఉంటుంది. అందులో విదేశాల రికార్డులు కనిపించవు, అందుకని ఇండియా నుంచి పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ కూడా అడగొచ్చు. ముందే తెప్పించుకుంటే ఆఖరి వారంలో పరుగు తప్పుతుంది.

ఇక పుల్లల దగ్గరికి వద్దాం. నైరుతి ఇంగ్లండ్‌లోని సోమర్‌సెట్ లెవెల్స్ పల్లపు నేలల్లో విల్లోను పంటగా వేస్తారు. బెరడుతోనే ఎండబెడితే బ్రౌన్, బెరడుతో ఉడకబెట్టి తర్వాత ఒలిస్తే బఫ్, పచ్చిగా ఉన్నప్పుడే ఒలిస్తే వైట్. లాంతర్లకు బఫ్, వైట్ పుల్లలే హాయి. నున్నగా ఉంటాయి, కాగితం చిరగదు. నిటారు భాగాలకు పొడి పుల్ల చాలు. వంపు కావాలంటే గంటా రెండు గంటలు నీళ్లలో నానబెట్టి, తడిగుడ్డ చుట్టి రాత్రంతా ఉంచాలి. బ్రౌన్ పుల్లకైతే అడుగు పొడవుకు ఒక రోజు చొప్పున నానాలని లెక్క. ఐదడుగుల పుల్లను పొద్దున నీళ్లలో పడేసి మధ్యాహ్నం వంచబోతే పటుక్కున విరుగుతుంది.

చిన్న లాంతరుకు ఎనిమిది పుల్లలు. అడుగు పొడవున నాలుగింటితో చతురస్రాకారపు అడుగుభాగం, రెండడుగుల పొడవున నాలుగింటితో నిలువులు. మొదళ్లు కిందికి, కొసలు పైకి ఉండాలి. కొసలన్నీ శిఖరం దగ్గర కలిపి మాస్కింగ్ టేపు చుట్టాలి. తడి పుల్లకు టేపు అంటదు, గుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. పైగా తడి పుల్ల ఆరుతూ సన్నబడుతుంది. నిన్న బిగువుగా ఉన్న ముడి ఇవాళ వదులై చట్రం ఊగడానికి కారణం అదే. వంపులున్న చట్రాన్ని కట్టిన మర్నాడు ప్రతి ముడినీ వేలితో నొక్కి చూసి, ఊగినచోట మళ్లీ టేపు వేశాకే కాగితం మొదలుపెట్టాలి.

గాలిపటం కట్టిన చేతికి ఈ పని పట్టుబడటం తేలికే కానీ కాగితం తీరు వేరు. తడిసినా చిరగని వెట్ స్ట్రెంగ్త్ టిష్యూనే కావాలి. మామూలు టిష్యూ జిగురు తగలగానే ముద్దయిపోతుంది. పీవీఏ జిగురు, అంటే ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు, ఒక వంతుకు ఒక వంతు నీళ్లు కలపాలి. కాగితాన్ని బల్ల మీద పరిచి స్పాంజితో జిగురు రాసి, రెండు చేతులతో ఎత్తి చట్రం మీద వేసి, అంచులు పుల్ల చుట్టూ మడవాలి. అప్పుడు జోలెలా వేలాడుతుంది. కొత్తవాళ్లు కంగారుపడి లాగుతారు, చిరుగుతుంది. వదిలేయండి. తెల్లారేసరికి అదే ఆరి, వేలితో తడితే డప్పులా పలుకుతుంది. రెండు పొరలు దాటితే వెలుగు మందగిస్తుంది. ఒక పక్క దీపం మార్చడానికి చెయ్యి పట్టేంత సందు వదలడం మరిచిపోవద్దు.

దీపం ఎల్‌ఈడీయే, పసుపు ఛాయ ఉన్నది. నీలిఛాయ తెలుపు పెడితే లాంతరు ట్యూబ్‌లైటులా కనిపిస్తుంది. కాగితానికి దగ్గరగా పెడితే అక్కడొక్క మచ్చ మెరిసి మిగతాదంతా చీకటిగా ఉంటుంది కాబట్టి నడుమ వేలాడదీయాలి. చలిలో బ్యాటరీలు తొందరగా నీరసిస్తాయి, ఊరేగింపు రోజే కొత్తవి వేయాలి.

ఇదంతా చేతిపని, నాలుగు రోజుల్లో వస్తుంది. అసలు కష్టం ఏం కట్టాలన్న నిర్ణయాన్ని ఊరి జనం చేతుల్లో పెట్టడం. మొదటి సమావేశానికే అందమైన బొమ్మ గీసి తీసుకెళ్తే అందరూ ‘లవ్లీ’ అంటారు, అక్కడితో వాళ్ల ఆలోచన ఆగిపోతుంది. ఆ మాటను సమ్మతి అనుకోవడం మనవాళ్లు తరచూ చేసే పొరపాటు. కాగితం మీద బొమ్మకు బదులు అట్టముక్కలు, టేపు, కత్తెరలు బల్ల మీద పోయండి. 1981–85 మధ్య స్కాండినేవియాలో అచ్చు కార్మికులతో నడిచిన యుటోపియా ప్రాజెక్టులో ఇంకా చేతికి రాని యంత్రాల స్థానంలో అట్టపెట్టెలు పెట్టి, వాటితో పనిచేసినట్టు నటించి చూశారు. లేజర్ ప్రింటర్ అని రాసిన ఖాళీ పెట్టె చుట్టూ కార్మికులు తమ పనిని తామే అమర్చుకున్నారు. అట్టకైతే ఎవరైనా కత్తెర పెట్టగలరు, నున్నటి బొమ్మను ముట్టుకోవడానికి జంకుతారు. ఆ ఒక్క తేడా మీదే పద్ధతంతా నిలబడింది.

నమూనాలు పదో వంతు కొలతలో చేయించి, పక్కన 17 సెంటీమీటర్ల అట్టమనిషిని నిలబెట్టండి. ఎత్తు ఎంతవుతుందో మాటల్లేకుండానే తెలుస్తుంది. ఎంపికకు చేతులెత్తమంటే గొంతున్నవాళ్లే గెలుస్తారు. తలా మూడు టేపు ముక్కలిచ్చి, నచ్చిన నమూనాకు అంటించమనండి. ఇంగ్లీషు సరిగా రాని శరణార్థి తల్లికీ, అక్కడే పుట్టి పెరిగిన పెద్దాయనకూ అప్పుడు సమానమైన మాట ఉంటుంది. భాష కొత్తయిన చోట మనకూ ఇదే ఆసరా.

పెద్ద లాంతరు బొమ్మ కట్టేముందు హాలు తలుపు కొలవాలి. ఇక్కడ మామూలు తలుపు సుమారు 76 సెంటీమీటర్ల వెడల్పు, 198 ఎత్తు. హాల్లో ముచ్చటగా తయారైన రెండున్నర మీటర్ల కొంగ బయటికి రాక, మెడ కోయాల్సి వస్తుంది. ముక్కలుగా కట్టి, బయట కేబుల్ టైలతో కలపాలి. వానకన్నా గాలి ప్రమాదం. టిష్యూ పరిచిన వెడల్పాటి పక్క తెరచాపే, అడుగూ వీపూ తెరిచి ఉంచాలి. ఎంత గాలి దాటితే పెద్దవి బయటికి తీయకూడదో రిస్క్ అసెస్‌మెంట్‌లో, అంటే ప్రమాదాల అంచనా పత్రంలో, ముందే రాసుకోండి, ఆ సాయంత్రం జనం ఎదురుచూస్తుంటే వద్దనడానికి మనసు రాదు. రోడ్డు మూయించడానికి స్థానిక కౌన్సిల్‌కు నెలల ముందే దరఖాస్తు పెట్టాలి.

కథలో కూడా ఇలాగే జాగ్రత్త పడాలి. ఎవరి జ్ఞాపకాన్ని వాడుతున్నామో వాళ్లకే ముందు చదివి వినిపించి, ఏది ఉంచాలో ఏది తీసేయాలో అడిగి, రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాలి. నడిచే ఊరేగింపులో సంభాషణ ఎవరి చెవికీ సరిగా చేరదు. దారిలో మూడు నాలుగు మజిలీలు పెట్టి, ఒక్కోచోట ఐదు నిమిషాలకు మించకుండా ఒక దృశ్యం, ఒక పాట చాలు. పిల్లలతో, లాంతర్లతో కిలోమీటరు నడకకు అరగంట దాటుతుందని లెక్క వేసుకోండి.

హాలు ఖాళీ అయ్యాక ఓ పిల్ల కట్టిన, వంకరగా నిలబడ్డ లాంతరు కనిపిస్తుంది. పది నిమిషాల్లో సరిచేయగలం, చేతులు దురద పెడతాయి. ముట్టుకోకండి. మర్నాడు ఆ పిల్ల వచ్చి తన లాంతరు తనది కాకుండా పోయిందని ఇట్టే పసిగడుతుంది, ఇంకోసారి పుల్ల పట్టుకోదు. ముడి ఊడి కూలిపోయేలా ఉంటే ఆమె వచ్చేదాకా ఆగి, పక్కన కూర్చుని, టేపు ఆమె చేతికే ఇవ్వాలి. కాగితం వేయకముందే అడుగు పుల్లకు టేపు చుట్టి దాని మీద పేరు రాయించండి. చీకట్లో నూరు లాంతర్లు కుప్పగా పడి ఉన్నప్పుడు ఎవరిది వాళ్లకు అప్పజెప్పడానికి వేరే దారి లేదు.